గట్టు ఇసుక, బాడవ మట్టి

ఆ ఏడు చైత్రమాసంలో మా ఇల్లు నీలం రంగులో పడింది.

గోడలకు వేసిన రంగు కాదు. గోడలకు ఎర్రమట్టి తప్ప ఇంకోటి తగలనిచ్చేది కాదు మా అత్త రామక్క. ఇది కాగితం మీద పడిన రంగు. వేసినవాడు జగదల్‌పూర్ నుంచి నేల కొలిచే గొలుసూ బల్లా మోయించుకుని వచ్చిన అమీను రామనర్సయ్య. అప్పటికి నేను ఆ కుమ్మరింటికి కోడలిగా వచ్చి ఐదేళ్లయింది. ఇప్పుడు నా మనవరాళ్లే కోడళ్లయ్యారు. అయినా ఎవరైనా నీలం చీర కట్టుకొస్తే నాకు ముందు ఆ కాగితం గుర్తొస్తుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది.

జగదల్‌పూర్‌లో రాణీగారి ఏలుబడి నడుస్తున్న రోజులవి. మాకు రెండు కోసుల దిగువన ఉన్న పాత బజారు రేవులో శబరి ఇసుక మేట వేసింది. ఉప్పూ బట్టలూ తెచ్చే పడవలు అక్కడ ఆనలేక, నీరు లోతుగా ఉండే మా ఒడ్డుకు రావడం మొదలుపెట్టాయి. దాంతో బజారునే ఇక్కడికి మార్చేయమని సర్కారు హుకుం ఇచ్చింది. నలభై ఇళ్లు, దుకాణాల వరుస, కలప అడితి, బండ్లు విప్పుకునే చోటు, పశువులకు మేత నేల. ఏది ఎక్కడ ఉండాలో కొలిచి గీసి పెట్టమని అమీనును పంపింది.

ఒడ్డు మొత్తం సర్కారుదే. అంత ఒడ్డు మీదా ఉన్నది మేమొక్కరమే. ఒక ఇల్లు, కుండలు చేసే ఒక సారె, కాల్చే ఒక ఆవం. మా మామ తాత నాటి నుంచీ ఉన్నాం గాని మా పేర కాగితం ముక్క లేదు. ఏటా దసరా ముందు ఠాణాకు పది కుండలు పంపేవాళ్లం. వాళ్లు అవి పుచ్చుకున్నంత కాలం మమ్మల్ని పొమ్మనరని మా ధైర్యం.

ఆ ఒడ్డు తీరు కొంచెం చెప్పాలి. ఏటి పక్కన పొడుగునా గట్టు, దాని మీద ఏరుమద్ది చెట్లు, వాటి నడుమ మా ఇల్లు. గట్టు వెనక పల్లపు నేల, బాడవ. బాడవ అవతల ఎర్రగుట్ట. కంటికి గట్టూ బాడవా ఒకే చదునుగా కనిపిస్తాయి. గట్టు మీంచి బాడవలోకి నడిచేటప్పుడు పల్లానికి దిగుతున్నట్టు కాలికి తెలియదు. నెత్తిమీద నిండు కుండ ఉంటే మెడకు తెలుస్తుంది. నీటికైతే ఇంకా బాగా తెలుసు. శబరి తనంతట తాను పొంగితే గట్టును రాసుకుంటూ వెళ్లిపోతుంది. కింద గోదారి పొంగినప్పుడే చిక్కు. శబరికి పోయే దారి ఉండక నీరు వెనక్కి తన్నుతుంది. అది గట్టు ఎక్కదు. దిగువనున్న చిప్పవాగు నోట్లోంచి చప్పుడు లేకుండా లోపలికి వచ్చి, వచ్చి, బాడవలో కూర్చుంటుంది. వరద ఇంటి ముందు నుంచి వస్తుందని లోకం అనుకుంటుంది. మాకది పెరటి వైపు నుంచి వచ్చేది.

అమీను మంచివాడే. పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టుకుని, గొలుసు పట్టే మనుషుల్ని ముందు నడిపించుకుంటూ, ఒక్కో గొలుసుకు ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూసుకునేవాడు, తను నడిచిన నేల ఇంకా అక్కడే ఉందో లేదో అన్నట్టు. మధ్యాహ్నం మా అరుగు మీద బల్ల పెట్టుకుని గీసేవాడు. మా కుండ నీళ్లు చల్లగా ఉంటాయని రోజుకు ఆరు చెంబులు తాగేవాడు. పదో రోజున నక్షాకు రంగులు వేసి మా ఆయన కాశయ్యను పిలిచి చూపించాడు. మా ఆయనకు ఎదుటివాళ్లు ఏం చెప్పినా తల ఊపడం అలవాటు. సారె మీద మట్టికి కూడా ఊపుతాడు.

"గీ ఎర్రది బజారు. పసుపు ఇండ్లు. పచ్చది పశులకు. సమజైందా?" అన్నాడు అమీను.

మా ఆయన ఊపాడు.

"మా ఇల్లేది సాబూ?" అన్నాను నీళ్లు తెస్తూ.

వేలు పెట్టి చూపించాడు. గట్టు పొడుగునా నీలం. దాని మధ్యలో చీమంత నల్లచుక్క. అదే మా ఇల్లు.

"నీలమంటే ఏంది?"

"ముంపు. ఈడ కొత్త ఇండ్లు కట్టొద్దు. మీది పాతది గనుక ఉండనీయి. మీ ఆవం గూడ ఉండనీయి. ఇండ్లు, దుకాణాలు అన్ని ఎనక జాగల. ఏటికి దూరం, భయం లేదు."

వెనక జాగా అంటే బాడవ. నేను నవ్వబోయి ఆపుకున్నాను.

"గట్టు మునుగుతదని మీకెవరు చెప్పిండ్రు సాబూ?"

"ఒకరు చెప్పాలెనా? కండ్లున్నయి గద." చెట్ల వైపు చెయ్యి చూపాడు. "ఆ ఏరుమద్ది కొమ్మల్ల చూడు. రెండు నిలువుల ఎత్తున గడ్డి చిక్కి ఉన్నది. ఒక్క చెట్టుకు కాదు, ఏడు చెట్లకు. వరద తెచ్చి పెట్టకపోతే గడ్డి చెట్టెక్కుతదా?"

గడ్డి చెట్టెక్కదు. హుంగా ఎక్కాడు.

హుంగా దొరల తెగ మనిషి. గుట్టల్లో ఆయన ఊరు. ఎండాకాలం తేనెకు మా గట్టు మీదికి వస్తాడు. చెట్టు మీద తేనెపట్టు కనిపిస్తే, అది నిండే దాకా వేరేవాళ్లు ముట్టకుండా ఆ కొమ్మకు పిడికెడు గడ్డి ముడేసి పోతాడు. ఆ ముడి చూస్తే చుట్టుపట్ల గుట్టల్లో ఎవరూ ఆ చెట్టు ఎక్కరు. మా దగ్గర తలుపుకు తాళం కంటే ఆ గడ్డికే మర్యాద ఎక్కువ. పాపం అమీనుకు ఏం తెలుసు, జగదల్‌పూర్‌లో తేనె సీసాలో వస్తుంది.

చెప్పబోయాను. మా అత్త తడిమట్టి చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

"సాబుకు ఇంకో చెంబు నీళ్లు పొయ్యి, పిల్లా" అంది.

మర్నాడు పొద్దున మట్టి కోసం ఇద్దరం బాడవలోకి వెళ్లాం. మా మట్టిగొయ్యి అక్కడే. మా అత్త గోతిలో దిగి, ఒక్కో చోట చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకుని ముందుపళ్ల మధ్య నమిలేది. ఇసుక తగిలితే ఉమ్మేసి ఇంకో చోట చూసేది. మంచిదైతే తల పంకించి "తవ్వు" అనేది. మా ఇంట్లో మట్టి మాట ఆమెదే. సారె తిప్పేది కొడుకైనా, నాలుక తల్లిది. ఐదేళ్లలో ఒక్కసారి నేను కూడా నమిలి "బాగుందత్తా" అన్నాను. "నీ నాలుక మీద ఇంకా మీ అమ్మ చింతపులుసే ఉన్నది. ముందు అది పోనీ" అంది. ఆ తర్వాత నేను తవ్వడమే గాని నమలడం లేదు.

"అత్తా, సాబుకు చెప్పాలె గద" అన్నాను తవ్వుతూ.

"ఏమని చెప్తవు?"

"ఈడ ఇండ్లు కడితే మునుగుతయని."

"చెప్తే ఏమైతదో ఎరుకేనా? గట్టు మొత్తం ఎర్రగైతది, పసుపైతది. గడ్డి కప్పుల నడుమ ఆవం కాల్చుకోనిస్తరా నిన్ను? ఎత్తుకొని పొమ్మంటరు. ఏడికి పోతం? మన దగ్గర కాగితమున్నదా?"

"నలభై ఇండ్లత్తా."

"ఆయన గీసిండు. మనం గీయమన్నమా?"

అదీ నిజమే. మేము ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఏమీ చెప్పకుండా కూడా తప్పు చేయొచ్చన్న సంగతి నాకు లోపల తెలుస్తూనే ఉంది గాని, పైకి ఒప్పుకునే ధైర్యం రాలేదు. నాకూ ఆ గట్టంటే ప్రాణం. ఏటి గాలికి కుండలు అన్ని వైపులా ఒకేలా ఆరేవి, పగుళ్లు వచ్చేవి కావు. పొద్దున్నే ముంగిలి ఊడుస్తుంటే అవతలి ఒడ్డు నుంచి నెమలి అరిచేది. ఎవరికో మంచి జరగడం కోసం అదంతా వదులుకోవాలంటే మనసు ఊరికే ఒప్పుకోదు. మనసుకు కూడా కూర్చోవడానికి ఓ అరుగు కావాలి.

అప్పుడే నా పారకు ఏదో ఠంగున తగిలింది. తీసి చూస్తే కుండపెంకు. మెడ కింద మూడు బొటనవేలి నొక్కులు. అది మా మామ గుర్తు. తను చేసిన ప్రతి కుండకూ అలా నొక్కేవాడట. నేను ఆయన్ని చూడలేదు, పోయి తొమ్మిదేళ్లు. ఆయన పోయిన ఏడే పెద్ద ముంపు వచ్చి, కాల్చి బాడవ అంచున పేర్చిన కుండలన్నీ నీళ్లలో దొర్లిపోయాయని మా ఆయన చెప్పేవాడు.

పెంకు దొరికింది పై మట్టిలో కాదు, నా మొల లోతున. గోతి గోడకు చీరంచుల్లాంటి చారలు. ఒక్కో ముంపు ఒక్కో చార. ఆ చారలన్నీ మా మామ పెంకు మీద వచ్చి కూర్చున్నవే.

మా అత్త పెంకు తీసుకుని కొంగుతో తుడిచింది. మూడు నొక్కుల్లోనూ తన వేలు పెట్టి చూసింది. కొంగుకు ముడేసుకుని, "తట్ట ఎత్తు" అంది.

ఆ తర్వాత వారం రోజులు బాడవలో మేకులు దిగాయి. పాత బజారు వాళ్లు వచ్చి తమ తమ జాగాలు చూసుకుని వెళ్లారు. వాళ్లంతా దిగువ వాళ్లు, మా ఒడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివాళ్లు. కలప అడితిలో పనికి ఒప్పుకున్నందుకు హుంగాకూ ఒక జాగా ఇచ్చారు. ఆయన భార్య ఆయతి నాకు నేస్తురాలు. మా ఆవానికి కట్టెలు తెచ్చి బదులు కుండలు పట్టుకెళ్లేది. అప్పటికి ఆమెకు నాలుగో నెల. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తన జాగా చూపించింది.

నాలుగు మేకులు, నడుమ వట్టి నేల. ఇల్లు లేని ఆ నేలను అప్పుడే చీపురుతో ఊడ్చి పెట్టింది.

"ఈడ పొయ్యి. ఈడ కోళ్లు. హుంగా గా మూలన పండుకుంటడు, గురక పెడ్తడు గద, దూరం ఉండాలె" అని కాలితో గీతలు గీసింది. "వానలల్ల పిల్ల పుడ్తది. ఈ ఇంట్లనే పుడ్తది. గుట్ట మీద మా ఇంట్ల కప్పు కారుతదక్కా."

నేను మా గొయ్యి వైపు చూశాను. ఆమె పొయ్యి పెడతానన్న చోటికి మా మట్టిగొయ్యి ఇరవై అడుగులు.

"ఏందక్కా, జాగ బాగ లేదా?"

"జాగకేం, బాగనే ఉన్నది" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ సాయంత్రమే ఆయతి మా ఇంటికి వచ్చింది, ఇంటికుండ కోసం. మా వైపు కొత్త ఇంట్లోకి కొత్త నీళ్లకుండ లేకుండా ఎవరూ అడుగుపెట్టరు. దాన్ని బజార్లో కొనుక్కోరు. కుమ్మరింటికి వచ్చి అడగాలి, కుమ్మరి ఇల్లాలు వేలితో మూడుసార్లు కొట్టి చూసి, మోగితే తన చేత్తో ఇవ్వాలి. చిట్లిన కుండతో ఎవరినైనా గడప దాటిస్తే ఆ ఇంటి కీడు కుమ్మరికి చుట్టుకుంటుందంటారు.

మా అత్త లోపలికి వెళ్లి, కిందటి ఆవంలో అన్నిటికంటే బాగా కాలిన కుండ తెచ్చింది. ఒళ్లో పెట్టుకుని కొట్టింది. ఒకటి, రెండు, మూడు. గుడి గంటంత చక్కగా మోగింది. ఆయతి రెండు చేతులూ చాపింది.

మా అత్త కుండ ఇవ్వలేదు.

"ఎప్పుడు పోతరే ఇంట్లకు?" అంది.

"వచ్చే అంగడి ఎనక అంగడికి, పెద్దమ్మా."

మళ్లీ కొట్టింది. మళ్లీ మోగింది. కుండ తీసి తన పక్కన, గోడ వారగా పెట్టుకుంది.

"ఈ కుండ ఇయ్యలేనే."

"ఏం పెద్దమ్మా, చిట్లిందా?"

"కుండకేం కాలే."

కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. తడిసి ఎండిన ముడి, తొందరగా రాలేదు. నా వైపు చూడకుండానే అంది. "పిల్లా, రేపు పొద్దుగాల ఆ అమీనును బాడవకు పిల్చుకరా. హుంగాను గూడ రమ్మను."

అంతే. అంతకు మించి మా ఇంట్లో ఆ సంగతి మీద ఒక్క మాట కూడా నడవలేదు. మా ఆయన తల ఊపాడు.

పొద్దున అమీను నక్షా చంకలో పెట్టుకునే వచ్చాడు. నాలుగు రోజుల్లో తహసీల్దారు వచ్చి దాని మీద దస్తఖత్తు చేయాలి. దాన్ని ఆయన పసిబిడ్డను చూసినట్టు చూసుకుంటున్నాడు. మా అత్త గోతి పక్కన నిలబడి నన్ను ముందుకు తోసింది.

"నువ్వు చెప్పు. నీకు మాటలొస్తయి."

నాకు మాటలు రావడం ఆ ఇంట్లో తప్పుల్లో జమ. ఆ రోజు దానికీ పని పడింది. గట్టు మీంచి తెచ్చిన మట్టి చిటికెడు, గోతిలోంచి తీసిన మట్టి చిటికెడు, రెండు అరచేతుల్లో పెట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"నమలండి సాబూ."

"ఏందీ?"

"ముందు ఇది. ముందుపండ్లతోని."

ఆయన చుట్టూ చూశాడు. గొలుసు మనుషులు మొహాలు తిప్పుకున్నారు. పాపం, నమిలాడు. కరకరమని చప్పుడు మాక్కూడా వినిపించింది. ఉమ్మేసి నీళ్లు పుక్కిలించాడు. తర్వాత బాడవ మట్టి నోట్లో వేసుకున్నాడు. ఈసారి చప్పుడు లేదు. నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు.

"వెన్న లెక్క ఉన్నది" అన్నాడు.

"ఉరికే నీళ్లు ఇసుక పడేసి పోతయి సాబూ. మెత్తటి మట్టిని ఎత్తుకపోతయి. ఏడ కూసుంటయో ఆడ దించుతయి. గట్టు మీద నీళ్లు నిలవవు. కూసునేది ఈడ. అందుకే మా గొయ్యి ఈడున్నది. మట్టి మంచిగుంటే ఇల్లు మంచిగుండదు."

"మరి చెట్ల మీద గడ్డి?"

"అది నాది సాబూ, తేనె కోసం" అన్నాడు హుంగా. అప్పటికే ఒక ముడి కోసుకుని తెచ్చి పెట్టుకున్నాడు. అమీను చేతిలో పెట్టాడు. రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపి వేసిన ముడి.

"వరద ముడెయ్యదు గద సాబూ" అన్నాడు హుంగా మెల్లగా.

మా అత్త పెంకు ఇచ్చింది. ఎక్కడ దొరికిందో, ఎవరి వేళ్లో, ఆ మనిషి పోయి ఎన్నేళ్లో నేను చెప్పాను. ఆయన గోతిలోకి దిగాడు. చారల మీద చెయ్యి వేసి కిందికి, కిందికి పాముకుంటూ పోయి, మొల లోతున ఆపాడు. 

"నా గొలుసు పొడుగు చెప్తది. ఎత్తు చెప్పదు" అన్నాడు, మాతో కాదు. తర్వాత పైకి చూసి, "గిది ముందే ఎందుకు చెప్పలేదు రామక్కా?" అన్నాడు.

"చెప్తే మా ఆవం పోతది సాబూ."

"ఇప్పుడు పోదా?"

"పోతది" అంది మా అత్త.

ఆయన గోతిలోంచి పైకి వచ్చాడు. మూడు రోజులు మా అరుగు మీదే కూర్చుని, చిన్న చాకుతో నక్షా మీది రంగును ఊదుకుంటూ గీకాడు. గీకిన ప్రతి ముక్కా నాకు మా గోడ పెచ్చు ఊడినట్టే ఉండేది. గట్టు ఎర్రగా, పసుపుగా అయింది. నీలం బాడవలోకి దిగింది. మా నల్లచుక్క బజారు నడుమ పడింది, అంటే పోయింది. గడ్డి కప్పుల పక్కన ఆవం ఉండడానికి వీల్లేదని ఆయనా అన్నాడు. మా అత్త అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు పోలేదు.

కాకపోతే ఆమె ఊహించనిది ఒకటి జరిగింది. నీలం మధ్యలో ఆయన ఏదో రాశాడు. రాసి, మా అత్తను పిలిచి రెండుసార్లు చదివి వినిపించాడు. "కుమ్మరి మట్టి నేల. ఇక్కడ కట్టడం కూడదు." ఎర్రగుట్ట మీద ఒక చదరం గీసి "కుమ్మరి ఇల్లు, ఆవం" అని రాశాడు. "గుట్ట ఎవ్వరూ అడగరు. నీళ్లు లేవు గద. తరతరాలు మీదే ఉంటది."

"ఆవానికి నీళ్లతోని ఏం పని" అంది మా అత్త. మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది. మా వాళ్లు ఆ ఒడ్డుకు వచ్చాక మా పేరు కాగితం ఎక్కింది అదే మొదటిసారి.

తహసీల్దారు వచ్చినప్పుడు నక్షా మీద గీకిన మచ్చ చూసి ఇదేమిటని అడిగాడట. మా అమీను ఏం చెప్పాలో తోచక "తేనె హుజూర్" అన్నాడట. గొలుసు మనుషులు చెప్పి చెప్పి నవ్వారు.

జ్యేష్ఠంలో ఇల్లు విప్పాం. వాసాలు, సారె, ఆవం రాళ్లు, అన్నీ గుట్ట మీదికి. హుంగా తన ఊరి నుంచి పది మందిని తెచ్చాడు. మా అత్త అందరినీ తిట్టింది, బండి ఎద్దులతో సహా. గుట్ట మీద మొదట చేసిన కుండలు సగం పగిలాయి. అక్కడి గాలి ఒక వైపు నుంచే కొట్టేది. కుండకు ఒక చెంప ఆరి ఇంకో చెంప పచ్చిగా ఉండేది. తడికలు కట్టి గాలి ఆపడం నేర్చుకునేసరికి నెల పట్టింది. నీళ్లు మోసి మోసి నా మెడ నొప్పి పెట్టింది. ఏటి గాలి గుర్తొచ్చి ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా. లేదని ఎందుకు చెప్పాలి. అదంతా గుట్ట ఎక్కాక సంగతి.

ఆయతికి కొత్త నక్షాలో జాగా వచ్చింది సరిగ్గా మా పాత ఆవం ఉన్నచోట. కాలి కాలి గట్టిపడ్డ నేల, ఇంటికి అంతకంటే మంచి నేల దొరకదు. మా అత్త గోడ వారగా దాచి పెట్టిన ఆ కుండనే తెచ్చి, మూడుసార్లు కొట్టి, ఈసారి ఆయతి చేతుల్లో పెట్టింది.

మర్నాడు మేము గుట్ట మీది ఇంట్లోకి వెళ్లాల్సిన రోజు. వాకిట్లో నిలబడ్డాక గాని మాకు తట్టలేదు. కుమ్మరి కొత్తింటికి కుండ ఎవరివ్వాలి? మా వాళ్లు ఇల్లు మారిందీ లేదు, అడగాల్సిన అవసరం వచ్చిందీ లేదు. మా ఆయన తల ఊపుతూ నిలబడ్డాడు. ఇంతలో కింది నుంచి హుంగా కావడి మోసుకుంటూ, వెనక ఆయతి పొట్ట పట్టుకుని ఆగి ఆగి నడుస్తూ వచ్చారు. కావడిలో అదే కుండ, నిండా శబరి నీళ్లు.

"నీళ్లు లేకుండ ఇంట్లకు ఎట్ల పోతరు పెద్దమ్మా?" అంది ఆయతి రొప్పుతూ. "కుండ మాకు ఎనకకు ఇయ్యాలె మరి."

మా అత్త కుండను దగ్గరికి తీసుకుంది. తన చేత్తో ఇచ్చిన కుండే, నిన్న కొట్టి చూసిందే. అయినా వేలు మడిచి మళ్లీ మూడుసార్లు కొట్టింది. నీళ్లు నిండి ఉంది కాబట్టి సరిగా మోగలేదు. "సరే" అని గడప దాటింది.

భాద్రపదంలో వచ్చింది నీరు. మూడు రోజులు ఆగకుండా ముసురు పట్టి, నాలుగో పొద్దున తెరిపిచ్చింది. తడిక తీసి బయటికి వస్తే కింద బాడవ లేదు. దాని చోట గోధుమరంగు నీళ్లు, కదలకుండా, అంచు దాకా నింపిన మూకుడులా. ఏటి వైపు చప్పుడే లేదు. ఎప్పటిలాగే చిప్పవాగు నోట్లోంచి వచ్చి కూర్చుంది. ఆయతి కాలితో గీసిన పొయ్యి చోట మనిషి మొల లోతు నీళ్లుంటాయి.

ఆ నీళ్లకూ ఏటికీ నడుమ సన్నగా, పొడుగ్గా గట్టు. దాని మీద వరసగా గడ్డి కప్పులు. ఒక్కో కప్పులోంచి పొద్దుటి పొయ్యి పొగ లేస్తోంది.

మేము ముగ్గురం అలా చూస్తూ నిలబడ్డాం. నాకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి, బాధతో కాదు. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు. మా అత్త మాత్రం చేతులు కట్టుకుని, "ఆ హుంగా పొయ్యి ఇంకా రాజేయలేదు చూడు" అంది. కాసేపటికి మా పాత ఆవం చోటు నుంచి కూడా పొగ వచ్చింది. అప్పుడు లోపలికి వెళ్లి జొన్నలు చెరగడానికి కూర్చుంది.

నీరు తీయడానికి ఎనిమిది రోజులు పట్టింది. తీశాక బాడవ అంతా జానెడు మందం కొత్త మట్టి, మీగడలా మెరుస్తూ. మోకాళ్ల దాకా దిగబడుతూ అత్తా నేనూ గొయ్యి ఉన్న చోటికి వెళ్లాం. గొయ్యి పూడిపోయి ఆనవాలు లేదు. గట్టు మీంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఆయతి కూతురికి అప్పటికి పన్నెండు రోజులు.

మా అత్త వంగి చిటికెడు మట్టి తీసింది. నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. తర్వాత చెయ్యి నా వైపు చాపింది.

"నువ్వు చూడు" అంది.

"నేనా?"

"నాకు పండ్లు కదులుతున్నయి. చూసి చెప్పు."

ఆమె పళ్లు ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్లు కదలకుండా ఉన్నాయి. నేను మట్టి నోట్లో వేసుకుని ముందుపళ్ల మధ్య మెల్లగా నమిలాను. చప్పుడు లేదు. అంగిలికి అంటుకుంది, మరీ అంటుకుంది. ఇంత జిగురు మట్టి ఆవంలో చీలుతుంది. తొందరపడి చెప్పకూడదని ఇంకోసారి నమిలాను. మా అత్త నా మొహం చూస్తూ నిలబడింది.

"మట్టి మంచిదే గాని జిగురెక్కువ ఉన్నదత్తా. నాలుగు తట్టలకు ఒక తట్ట గట్టు ఇసుక కలపాలె. ఆయతి ఇంటి ఎనక నుంచి తెచ్చుకుందాం."

ఆమె చేతికంటిన మట్టి కొంగుకు తుడుచుకుంది.

"కలుపు" అంది.